నేలకు ఆనిన చెవి

నేను ఒక జియోఫోన్‌ని. పేరు వినగానే ఎవరికో కబురు చెప్పే వస్తువేమో అనుకుంటారు. నేనెవరికీ ఏమీ చెప్పను. వినడమే నా పని. అది కూడా మీలాగా గాలిలోంచి కాదు, నేలలోంచి. గుప్పెట్లో పట్టేంత డొప్ప, దాని కింద మేకులాంటి ఇనుప ముల్లు, పక్కనుంచి ఒక తీగ. ఇదే నా ఆకారం. లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ స్ప్రింగుకి వేలాడే సన్నటి రాగి తీగచుట్ట ఉంటాయి. నేల అదిరితే నేనూ అదురుతాను, అయస్కాంతమూ అదురుతుంది. వేలాడే చుట్ట మాత్రం ఉన్నచోటే నిలబడిపోతుంది. ఆ తేడానే సన్నటి కరెంటుగా మారి తీగలోంచి పోతుంది. అంటే కదలకుండా ఉన్నదాన్ని బట్టే కదిలిందేదో తెలుస్తుందన్నమాట. ఈ సంగతి ఇంజనీర్లకు పుస్తకాల్లో ఉంది. తాయారు అనే ఒక తల్లికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

గాలి మాట వినపడకపోతే మనుషుల సంభాషణలన్నీ నీకెలా తెలుసు అని అడుగుతారు. నేల మీద నిలబడి మాట్లాడేవాళ్ళ గొంతు కొంచెం కాళ్ళలోంచి కిందికి దిగుతుంది. అన్ని ఊళ్ళలోనూ అంత బాగా దిగదు. గోదావరి జిల్లాల్లో మాత్రం చక్కగా దిగుతుంది. అక్కడ పక్కనున్నవాణ్ణి పిలిచినా అవతలి గట్టువాడు పలకాలి.

నన్ను ఒక ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు బల్లల ముందు కూర్చుని తయారు చేశారు. నా తీగ చుట్టినామె చేతులు బల్ల మీద పనిచేస్తుంటే, కాలు బల్ల కింద ఊగుతూనే ఉండేది. ఇంట్లో ఉయ్యాల ఊపి ఊపి వచ్చిన కాలు అది. పని దగ్గర కూడా ఆగేది కాదు. నేను మొట్టమొదట విన్నది ఆ కాలినే.

తర్వాత ఒక ఎడారిలో పాతారు. అక్కడ ఒంటె నడక తప్ప వినడానికేమీ లేదు. ఆ తర్వాత వాన తెరిపివ్వని కొండల్లో పాతారు. అక్కడ వాన తప్ప ఏమీ వినపడలేదు. రెండు చోట్లా పెద్ద అధికారులు వచ్చి ఆశాజనకంగా ఉందని చెప్పి వెళ్ళారు. ఆశ అనేది నేలను బట్టి మారదని నాకప్పుడే తెలిసింది.

ఇక ఈ పని ఏమిటో చెప్పాలి. ఏ దేశానికైనా తన కాళ్ళ కింద ఎంత గ్యాసు ఉందో తెలుసుకోవాలని ఉంటుంది. అంతా తవ్వి చూడడం కుదరదు కదా. అందుకని నేలలో లోతుగా సన్నటి బొక్క వేసి, అందులో మందుగుండు పెట్టి పేలుస్తారు. ఆ అదురు కిందికి దిగి, రాతి పొరలకు తగిలి, వెనక్కి వస్తుంది. లైను అని పిలిచే వరుసలో పాతిన మాలాంటి వందలాది జియోఫోన్లు దాన్ని అందుకుంటాయి. దూరంగా నిలబెట్టిన లారీలోని యంత్రం దాన్ని కాగితం మీద గీతలుగా గీస్తుంది. ఆ గీతల్ని చూసి, ఇంత వెడల్పు, ఇంత మందం, రాతిలో ఇంత సందు, ఆ సందులో ఇంత గ్యాసు అని ఒక్కొక్కటీ ఊహించి, ఊహలన్నిటినీ గుణించి ఒక అంకె తెస్తారు. కోనసీమవాళ్ళకి దీన్ని వివరించనక్కర్లేదు. కొబ్బరికాయను గోటితో కొట్టి, చెవి దగ్గర ఆడించి, లోపల నీళ్ళున్నాయా, కుళ్ళిందా అని వాళ్ళు రోజూ చూసే పనే ఇది. తేడా ఏమిటంటే వాళ్ళు చివరికి కాయ కొడతారు.

గున్నంలంక అనే ఊరికి మేము వచ్చినప్పుడు ముందురోజు డప్పు కొట్టించారు. రేపు నేలలో బాంబులు పేలతాయి, ఎవరూ భయపడొద్దు, చంటిపిల్లల చెవుల్లో దూది పెట్టుకోండి అని చాటించారు. దాంతో బాంబుల మాట వినని వాళ్ళు కూడా భయపడ్డారు. ఊళ్ళో దూది అయిపోయింది. ఉన్న పరుపొకటి విప్పి, వీధి వీధంతా పంచుకున్నారు.

నన్ను పాతింది లైను మేస్త్రి సూర్రాజు. మడమతో ఒక్క తొక్కు తొక్కితే ముల్లు మొదలంటా దిగిపోయింది. అది తాయారు వాళ్ళ వాకిలి. అరుగుకి చేరువలో, తులసికోటకి ఇవతల.

కళ్ళు లేకపోయినా ఒక ఇంటిని తెలుసుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టదు. అత్త సుభద్రమ్మ ఒక కాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. కొడుకు ఏడుకొండలు కొబ్బరి ఒలుపు పనికి వెళ్తాడు, మాట తక్కువ, అడుగు బరువు. కోడలు తాయారు నడక వేరు. గడప దాకా వెళ్తుంది, ఆగుతుంది, వెనక్కి పిల్ల దగ్గరికి వస్తుంది. బావి దాకా వెళ్తుంది, సగంలో తిరిగి వస్తుంది. నీళ్ళు ఒక్కసారి తోడేలోపు పిల్లను ఎన్నిసార్లు చూసుకుంటుందో ఆమెకే తెలీదు. ఇక చాప మీద ఇంకో చిన్న బరువుంది. మడమలతో నేలను తపతపమని కొడుతుంది. ఆ పిల్ల పేరు కస్తూరి. ఏడాది ఇంకా నిండలేదు.

తాయారు మనసులో ఉన్న భయం నాకు ఆ పొద్దున్నే తెలిసింది.

"పిలిస్తే తిరగట్లేదత్తా. నిన్న ఎనకమాల్నించి ఎంతసేపు పిలిచాను."

"అబ్బబ్బ! మళ్ళీ మొదలెట్టావా? మొన్న తలుపు దబ్బున పడితే తిరిగిందా లేదా? నీ మొగుడు మూడో ఏడు దాకా నోరు విప్పలేదే."

"అమ్మా!" అన్నాడు ఏడుకొండలు.

"ఏటి అమ్మా? ఇప్పుడు మాత్రం విప్పుతున్నావేటి? మా ఇంటి పిల్లలంతే. ఆలీసం."

తాయారు పాదాలు మాత్రం అక్కడే నిలబడి ఉన్నాయి. పిల్లకి చెవులు వినపడవేమోనన్న అనుమానం ఒకసారి వచ్చాక, దాన్ని వదిలి పక్కకి నడవడం ఏ తల్లికీ చేతకాదు.

పేల్చేముందు లైను మొత్తం నిశ్శబ్దంగా ఉండాలి. ఎర్ర జెండాల వాళ్ళు సైకిళ్ళ మీద తిరిగి, చేలలో మోటార్లు ఆపించారు. ఎవరూ నడవొద్దన్నారు, దంచొద్దన్నారు. ఒకాయన తన గేదెను కూడా నిలబెట్టాలా అని అడిగాడు. నిలబెట్టాలన్నారు. "అది నా మాటే ఇనదండి, గవర్నమెంటు మాట ఇంటాదేటండీ?" అన్నాడాయన. చివరికి గడ్డి వేశారు. గేదె దేశం కోసం కొంతసేపు కదలకుండా నిలబడింది.

మొదటి పేలుడు జరిగినప్పుడు కస్తూరి చాప మీద ఉంది. రెండు చెవుల్లోనూ నాయనమ్మ దూది కుక్కింది. నేల ధడేల్మంది. నేను నా పని చేశాను. అదే క్షణంలో చాప మీద చిన్న మడమలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. పిల్ల ఏడుపు అందుకుంది.

ఆ ఇంట్లో పుట్టిన సంబరం నేను ఎడారిలోనూ చూడలేదు, కొండల్లోనూ చూడలేదు. సుభద్రమ్మ ఈడ్చే కాలు కూడా గెంతింది.

"దూది పెట్టినా ఇనేసిందే! దూది పెట్టినా! నీ అనుమానం తగలెయ్య, నెల్రోజుల్నించీ నా కడుపులో నిప్పులు పోశావు కదే!"

ఏడుకొండలు పిల్లనెత్తుకుని వీధిలోకి వెళ్ళి, నలుగురికీ చెప్పి వచ్చాడు. మాట తక్కువ మనిషికి అది పెద్ద ప్రయాణం. తాయారు నవ్వింది, ఏడ్చింది, నా పక్కనే నేల మీద కూలబడింది.

అదే వేళకి లారీలో ఇంకో సంబరం. యంత్రం ముందు కూర్చునే దివాకరం గారు బూట్లు టకటకలాడించుకుంటూ లైను పొడుగునా నడిచొచ్చారు. "కింద నుంచి చాలా గట్టి జవాబొచ్చిందయ్యా సూర్రాజూ! ఇన్నేళ్ళలో ఇంత గట్టిది చూడలేదు. ఇక్కడ ఉందయ్యా!" అన్నారు. "ఉంటదండి బాబూ, ఎందుకుండదండి, ఆయ్" అన్నాడు సూర్రాజు. అతను ప్రతి ఊళ్ళోనూ అలాగే అనేవాడు.

అంటే ఒకే పేలుడుతో ఒక ఇంటికీ ఒక దేశానికీ కోరుకున్న జవాబు దొరికింది. ఎవరి ఆనందం వాళ్ళది. నా మట్టుకు నాకు ఒక సంగతి తెలుసు. నాకు గాలి మాట వినపడదు, పేలుడు మాత్రం తెలిసింది. చాప మీద పిల్లకీ తెలిసింది. మా ఇద్దరికీ ఒకే దారిలో తెలిసింది. చెప్పడానికి నాకు నోరు లేదు.

నాకు లేని నోరు తాయారుని పట్టిన దిగులుకి ఉంది. కూలబడ్డ మనిషి లేచింది. గడప దాకా వెళ్ళి ఆగింది.

"అత్తా. దూది తీసేశావా?"

"లేదే, అలాగే ఉంది. మళ్ళీ పేలుస్తారంట కదా."

"అంత గట్టిగా కుక్కితే మనకే ఇనపడదు. దానికెలా ఇనపడింది?"

"ఇనపడింది. సంతోషించు."

"పక్కింటోళ్ళ పిల్లాడికీ దూది పెట్టారు. ఆడు లేవనే లేదంట."

"ఆడు మొద్దు."

"కాదత్తా. ఆడు ఉయ్యాల్లో ఉన్నాడు."

చాలామందికి కావలసిన జవాబు చేతికందాక మళ్ళీ అడగబుద్ధి కాదు. అడిగితే అది పోతుందేమోనని. తాయారుకీ అడగాలని లేదు. ఆ అడుగుల్లో ఎంత బరువుందో నేను తూచాను. అయినా వెళ్ళి, దూలానికి చీర కట్టి, ఉయ్యాల వేసింది. పిల్ల చెవుల్లో దూది తీసేసింది. అత్త వద్దంటే వినలేదు. పిల్లని ఉయ్యాల్లో వేసి, తను ముందు నిలబడింది.

జెండాలు లేచాయి. మోటార్లు ఆగాయి. గేదెకి గడ్డి పడింది. ధడేల్.

సుభద్రమ్మ చేతిలో చెంబు నేల మీద పడి దొర్లింది. ఎక్కడో గిత్త తాడు తెంచుకుంది. తాయారు పాదాలు కదల్లేదు. ఉయ్యాల్లో ఏం జరిగిందో నాకు తెలీదు. ఉయ్యాల నేలకు ఆనదు. పిల్ల అక్కడ నాలోని తీగచుట్టలాగా వేలాడుతోంది. తాయారు గొంతు కాళ్ళలోంచి దిగింది.

"అత్తా... రెప్ప కూడా కదల్లేదు."

"నిద్దర్లో ఉందేమోనే."

"మెలకువగానే ఉంది. నన్ను చూసి నవ్వుతోంది."

చెంబు ఎవరూ ఎత్తలేదు.

తర్వాత జరిగింది లైను మీద ఎప్పుడూ జరగనిది. తాయారు పిల్లని చాప మీద పడుకోబెట్టి, రోకలి తెచ్చి, తల వెనక నిలబడి నేల మీద ఒక్క పోటు పోటేసింది. చిన్న మడమలు తిరిగాయి. పిల్లని ఉయ్యాల్లో వేసి మళ్ళీ పోటేసింది. ఏమీ లేదు. మళ్ళీ చాప. మళ్ళీ రోకలి. ఇదంతా మూడో పేలుడుకి అందరూ ఊపిరి బిగబట్టి ఉన్న సమయంలో. లారీలో దివాకరం గారి కాగితం మీద గీతలు గంతులేశాయి. వాకీటాకీలో ఆయన అరిచిన అరుపు సూర్రాజు ఒళ్ళంతా దిగి నా దాకా వచ్చింది.

"ఎవరయ్యా ఆ దంచేది? దేశం సొమ్ముతో పేలుస్తుంటే పిండి దంచుకుంటారా?"

సూర్రాజు పరిగెత్తాడు. "అమ్మా, అమ్మాయిగోరూ, తమకి దండం పెడతాను, ఆ రోకలి దింపండి. మా బాబుగారు నన్ను దంచేస్తారు."

"పిండి కాదన్నా" అంది తాయారు. "మా పిల్ల."

సగం మాటలు ఆమె చెప్పింది, సగం సుభద్రమ్మ ఏడుస్తూ చెప్పింది. ఇంతలో దివాకరం గారి బూట్లు కోపంగా వచ్చాయి. వాకిట్లోకి వచ్చాక కోపం తగ్గించాయి. మొత్తం విని ఆయన వాకీటాకీలో "లైను ఆపండి" అన్నారు. ఎందుకని అవతలినుంచి అడిగారు. "ఆపమన్నాను" అన్నారు.

"ఇంకొకసారి చేయండమ్మా" అన్నారు తాయారుతో.

చాప, రోకలి. మడమలు తిరిగాయి. ఉయ్యాల, రోకలి. లేదు. ఆయన ఉయ్యాల వెనక్కి వెళ్ళి, ఊరంతా వినేలా "హోయ్!" అని కేకేశారు. చేలల్లో మనుషులు ఏమైందని అడిగారు. ఉయ్యాల్లోంచి జవాబు లేదు.

"కాకినాడ తీసుకెళ్ళండి. పెద్దాసుపత్రిలో చెవుల డాక్టరుంటారు. ఆలస్యం చేయకండి."

"పిల్లకి పేరు పడిపోద్ది బాబూ" అంది సుభద్రమ్మ. "చెవిటిదంటారు."

ఏడుకొండలు గొంతు అప్పుడు దిగింది. "అనుకోనీ అమ్మా. రేప్పొద్దున్నే ఎల్దాం."

దివాకరం గారు లారీ దగ్గరికి నడిచి వెళ్ళిపోయారు. ఒక్క జవాబును నమ్మకూడదని, రెండో రకంగా అడిగి చూడాలని ఒక ఆడకూతురు ఆయన కళ్ళ ముందు చేసి చూపించింది. ఆయన జాలిపడ్డారు, మంచి సలహా ఇచ్చారు. కింద నుంచి వచ్చిన తన గట్టి జవాబుని మాత్రం అలాగే మడిచి పెట్టుకున్నారు. కాగితం మీద రోకలి పోట్లను రొద అని గుర్తుపెట్టి తీసేశారట.

సాయంత్రం మమ్మల్ని పీకి బుట్టల్లో వేస్తుంటే, దేశసేవ ముగించుకున్న గేదె వచ్చి నా తీగ తొక్కి తెంపేసింది. తెగినదాన్ని తర్వాత చూద్దామని సూర్రాజు వదిలేశాడు. మనుషులు తర్వాత చూద్దామన్నవాటిలో నాలాంటివి చాలా ఉంటాయి. అలా నేను తాయారు వాకిట్లో ఉండిపోయాను. మేకపిల్లని కట్టేసుకోవడానికి నా నెత్తి బాగానే పనికొచ్చింది.

వాళ్ళు కాకినాడ నుంచి తిరిగి వచ్చిన రోజు అడుగులు నెమ్మదిగా ఉన్నాయి. సుభద్రమ్మ గుమ్మంలోనే అడిగింది.

"బాగా తొందరగా తెచ్చారన్నారత్తా" అంది తాయారు. "బడీడు వచ్చేదాకా కనిపెట్టలేరంట చాలామంది. వినికిడి అస్సల్లేకుండా లేదంట. కొంచెం ఉందంట. ఎంతుందో మెల్లిగా గాని తెలీదంట."

కొన్ని ప్రయాణాల తర్వాత ఒక యంత్రం ఇచ్చారు. ఛాతీకి కట్టుకునే చిన్న పెట్టె, దానిలోంచి చెవికి ఒక తీగ. విని నేను ఉలిక్కిపడ్డాను. డొప్ప, తీగ. మా జాతిదే. దాన్ని పిల్ల పీకి పారేసేది. తాయారు ప్రతి గౌనుకీ ముందు జేబు కుట్టి, నాడాతో బిగించింది. అది మేకపిల్ల నోట్లో పడుతుందేమో, బావిలో పడుతుందేమో, వానకి తడుస్తుందేమో అని ఆమెకి ఇప్పుడు కొత్త దిగుళ్ళు వచ్చాయి. పాత దిగులు ఒక్కటీ పోలేదు.

రోజంతా పేరు పెట్టి పిలిచేది. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి. వెనక నుంచి పిలిస్తే పిల్ల ఒక్కోసారి తిరిగేది. అందరూ తిరిగిందనేవారు. తాయారు మాత్రం అరుగు మీద ఉయ్యాలబల్ల ఎక్కి, కాళ్ళు రెండూ పైకి లాక్కుని మళ్ళీ పిలిచేది. "ఆ కాళ్ళెందుకే ఎత్తుతావు, కోడిపెట్టలాగా?" అని అత్త వెక్కిరించేది. ఎందుకో నాకు తెలుసు. కాళ్ళెత్తితే గొంతు నేలలోకి దిగేది కాదు, పిల్ల తిరిగేది కాదు.

ఈలోగా దేశం తన లెక్క చూసుకుంటోంది. ఒక ఏడాది గడిచాక పెద్ద యంత్రంతో బావి తవ్వడానికి లారీలు దిగాయి. వాటితో సూర్రాజు కూడా వచ్చాడు. దడి దగ్గర నిలబడి తాయారుకి కబుర్లన్నీ చెప్పాడు.

"మా దివాకరం గోరు ఉండొచ్చని రాసేరమ్మా. పై ఆఫీసోళ్ళు ఉండే అవకాశం బాగా ఉందని రాసేరు. ఆ పైనోళ్ళు ఉందన్నారు. ఇప్పుడు మీటింగుల్లో ముప్పై ఏళ్ళకి సరిపోద్దంటన్నారు."

"ఇంకో రకంగా అడిగి చూశారా అన్నా?" అంది తాయారు.

"దేన్నమ్మా?"

"నేలని."

సూర్రాజు నవ్వి, పిల్ల బాగుందా అని అడిగాడు.

తవ్వారు. నేల నెలల తరబడి గుర్రుమంది. చివరికి లోతులో గ్యాసు దొరికింది. అబద్ధం కాదు. ఉప్పునీళ్ళలో కలిసి, సోడాలోని బుడగల్లాగా దొరికింది. పొయ్యిలోకీ రాదు, పైపులోకీ రాదు. విచిత్రమేమిటంటే రాతి సందుల్లో గ్యాసు బోలెడున్నా, చిటికెడున్నా పైకి వచ్చే జవాబు దాదాపు ఒకేలా ఉంటుందట. గట్టిగా పలికినంత మాత్రాన ఎక్కువున్నట్టు కాదు. ఊళ్ళో ఎవరికీ ఏమీ పోలేదు, గ్యాసు వస్తుందని కట్టెల పొయ్యి పగలగొట్టిన సర్పంచి గారికి తప్ప. దేశం తన కాగితంలో గున్నంలంకను ‘ఉంది’ అనే గడి నుంచి ‘అక్కరకు రాదు’ అనే గడికి మార్చుకుంది.

లారీలు వెళ్ళిపోయిన పొద్దుటి సంగతి చెప్పి ముగిస్తాను.

మేకపిల్ల మేకైంది, నన్ను వదిలేసి పెద్ద గుంజకి మారింది. నా ముల్లు తుప్పు పట్టింది. లోపల స్ప్రింగు మాత్రం ఇంకా ఆడుతోంది. కస్తూరి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇప్పుడు పరిగెత్తే ఈడు. లారీలు ఇంకా మలుపు తిరగకముందే రెండు అరచేతులూ నేలకి ఆనించింది. నాకు తెలిసిన క్షణంలోనే దానికీ తెలిసింది. ఒక్కొక్క లారీ వెళ్తుంటే అరచేతులతో నేలను చరిచి గంతులేసింది. చివరి లారీ గట్టు ఎక్కి వెళ్ళిపోయింది. నేల సద్దుమణిగింది. మోటార్లు లేవు, గేదె లేదు, రోకలి లేదు. ఏ జెండా లేకుండానే లైను నిశ్శబ్దమైంది.

అరుగు మీద తాయారు నడుస్తున్న చప్పుడు వస్తోంది. ఉయ్యాలబల్ల మీద కిర్రుమని బరువు పడింది. తర్వాత ఆ పాదాలు నాకు తెలియకుండా పోయాయి. కాళ్ళు పైకి లాక్కుందన్నమాట.

నేను ఎదురు చూశాను. నేలలోంచి నాకేమీ రాలేదు. ఒక్క అదురు లేదు, ఒక్క మాట లేదు. నేను పుట్టిన దగ్గర్నుంచీ అంత ఖాళీగా ఎప్పుడూ లేను.

నా పక్కన రెండు చిన్న మడమలు మట్టిలో గిర్రున తిరిగాయి, అరుగు వైపుకి. తర్వాత పరిగెత్తాయి.

ఆమె ఏమని పిలిచిందో నాకు తెలీదు.